మీకు తెలుసా? ఒక్క పాట ఖరీదు 80,000 డాలర్లు!

● అవును, ఒక్కో పాటకు 80,000 డాలర్లు! అమెరికాలోని మిన్నెసోటాలో ఓ తల్లి 24 పాటలను ఇంటర్నెట్‌లో నలుగురికీ అందుబాటులో పెట్టిందని రుజువైంది. 2009లో జ్యూరీ ఆమెను కట్టమన్నది మొత్తం 19 లక్షల 20 వేల డాలర్లు. అప్పటి లెక్కలో తొమ్మిది కోట్ల రూపాయల పైమాటే! అవే పాటలను ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే 24 డాలర్లతో పోయేది. ఈ ఒక్క కేసులో మూడుసార్లు జ్యూరీ కూర్చుంది, మూడుసార్లూ వేర్వేరు అంకె చెప్పింది. చివరికి 2012లో పైకోర్టు మొట్టమొదటి అంకెనే ఖాయం చేసింది: 2,22,000 డాలర్లు.

● ఇంతింత అంకెలు ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తాయి? అమెరికా చట్టంలోనే ఉన్నాయి! పాట ఒక్కింటికి కనీసం 750 డాలర్లు, కావాలనే చేశారని తేలితే లక్షన్నర డాలర్ల దాకా నష్టపరిహారం వేయొచ్చు. అసలు నష్టం ఎంతో రుజువు చేయాల్సిన పని కూడా లేదు.

● పాటలు దొంగిలించిందని ఓ 83 ఏళ్ళ బామ్మ మీద 2005లో రికార్డు కంపెనీలు కేసు వేశాయి. అప్పటికే ఆవిడ కన్నుమూసింది! బతికున్నన్నాళ్ళూ ఇంట్లో కంప్యూటరే పెట్టనివ్వలేదని ఆవిడ కూతురు చెప్పాక కంపెనీలు వెనక్కి తగ్గాయి.

● అంతకు రెండేళ్ళ ముందు 66 ఏళ్ళ శిల్పకారిణి ఒకామె హిప్‌హాప్ పాటలు పంచుతోందని దావా వేశారు. ఆమె దగ్గర ఉన్నది మ్యాక్ కంప్యూటర్, పాటలు పంచడానికి వాడిందన్న కజా అనే సాఫ్ట్‌వేరేమో మ్యాక్ మీద పనే చేయదు! ఆ కేసూ వాపసు పోయింది.

● సొంత అభిమానుల పేర్లే జాబితా రాసి పట్టిచ్చిన బృందం ఏదో చెప్పుకోండి చూద్దాం! మెటాలికా. 2000లో తమ పాటలను నాప్‌స్టర్‌లో పంచుకుంటున్న 3,35,435 మంది వివరాలను కాగితాల మీద అచ్చు వేయించి, పెట్టెలకెత్తి, డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ స్వయంగా నాప్‌స్టర్ ఆఫీసుకు మోసుకెళ్ళి ఇచ్చాడు.

● పాటలు పంచుకునే లైమ్‌వైర్ అనే సాఫ్ట్‌వేర్ మీద పెట్టిన దావాలో రికార్డు కంపెనీల వాదన ప్రకారం లెక్క కడితే నష్టపరిహారం లక్షల కోట్ల డాలర్లకు చేరుతుంది! 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ కనిపెట్టిన నాటి నుంచి రికార్డు పరిశ్రమ మొత్తం సంపాదించినదానికంటే ఇది ఎక్కువని లైమ్‌వైర్ వాళ్ళు వాదించారు. కంపెనీల వాదన అసంబద్ధమైన చోటికి దారితీస్తుందని న్యాయమూర్తి కూడా తేల్చేశారు. చివరికి 2011లో పదిన్నర కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

● పాటల పైరసీ ఇంటర్నెట్‌తోనే మొదలైందనుకుంటున్నారా? 1770లో, 14 ఏళ్ళ మొజార్ట్ రోమ్‌లోని సిస్టీన్ చాపెల్‌లో అలెగ్రి కూర్చిన 'మిజెరేరే' విన్నాడు. బసకు వెళ్ళి మొత్తం జ్ఞాపకం మీద రాసేశాడు! ఆ కృతిని నకలు చేసి బయటికిస్తే గాయకుల్ని మతం నుంచి వెలివేస్తారని వాళ్ళ నాన్న ఇంటికి రాసిన ఉత్తరంలో చెప్పాడు. పోప్ మాత్రం అదే ఏడాది కుర్రవాడికి బిరుదిచ్చి సత్కరించాడు.

● 1908లో అమెరికా సుప్రీంకోర్టు, పియానో తనంతట తాను పాట వాయించడానికి వాడే చిల్లుల కాగితం చుట్ట పాటకు 'కాపీ' కాదంది! చిల్లుల్ని చూసి ఏ మనిషీ పాటను చదవలేడు కదా అన్నది కారణం. మరుసటి ఏడాదే కొత్త చట్టం వచ్చి, ఒక్కో కాపీకి పాట కట్టినవారికి 2 సెంట్లు ఇవ్వాలంది. ఆ 2 సెంట్లు 1978 దాకా పెరగనే లేదు. అరవై తొమ్మిదేళ్ళు!

● క్యాసెట్ల కాలంలో బ్రిటన్ రికార్డు కంపెనీలు 'ఇంట్లో టేపు చేసుకుంటే సంగీతం చచ్చిపోతుంది' అని ప్రచారం చేశాయి. దానికి జవాబుగా డెడ్ కెన్నెడీస్ బృందం 1981లో తమ క్యాసెట్ ఒకవైపు ఖాళీగా వదిలేసి అమ్మింది. కొన్నవాళ్ళు ఆ వైపు ఏదైనా రికార్డు చేసుకోవడానికట!

● కాపీ చేయడమే పూజ అనే మతం ఒకటి ఉంది! పేరు కోపిమిజం. స్వీడన్‌లో 2012 జనవరి నాటికి దానికి ప్రభుత్వ గుర్తింపు కూడా దొరికింది. పవిత్ర చిహ్నాలేమిటో తెలుసా? కంట్రోల్ సి, కంట్రోల్ వి.

● సినిమా విడుదల కాకముందే సగం ఇంటర్నెట్‌లోకి వచ్చేస్తే ఏమవుతుంది? 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' గంటన్నర నిడివి ముందే బయటికి పొక్కింది. అక్టోబరులో రావలసిన సినిమాను సెప్టెంబరు 27నే విడుదల చేసేశారు, పెద్ద హిట్టయింది!

● పెళ్ళి ఊరేగింపులో, బరాత్‌లో మోగే సినిమా పాటకు రాయల్టీ కట్టక్కర్లేదు! మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ పెళ్ళికి సంబంధించిన వేడుకలకు ఆ మినహాయింపు ఇచ్చింది. 2023లో కేంద్రం ఈ సంగతిని మరోసారి గుర్తుచేసింది కూడా. కానీ అదే చట్టం 63వ సెక్షన్ కింద తెలిసి తెలిసి పైరసీ చేస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా.

● ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన లెక్క. 1957 నాటి 'మాయాబజార్' పాటల రికార్డింగు మీద హక్కు 2017తోనే తీరిపోయింది, అదే పాటల సాహిత్యం మీద హక్కు మాత్రం 2031 చివరి దాకా ఉంది! మన దేశంలో రికార్డింగుకు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్ళు, మాటకూ బాణీకీ రచయిత పోయిన ఏడాది తర్వాత 60 ఏళ్ళు. ఆ పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు పోయింది 1971లో. ఘంటసాల గారి బాణీలకైతే 2034 దాకా ఆగాలి. ఎప్పుడో 1847లో పరమపదించిన త్యాగరాజస్వామి కీర్తన అందరిదీ; దాన్ని నిన్న ఎవరో పాడి విడుదల చేసిన రికార్డింగు మాత్రం ఆ హక్కుదారులదే. ఈ తేడా తెలియక చిక్కుల్లో పడేవాళ్ళు చాలామంది, కాస్త గుర్తుపెట్టుకోండి!

● ఈ అరవై ఒకప్పుడు యాభయ్యే! 1941లో పోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల హక్కు 1991తో ముగియాల్సి ఉండగా, చట్టం మార్చి అందరికీ ఇంకో పదేళ్ళు కలిపారు.

● 'హ్యాపీ బర్త్‌డే' పాట మీద ఓ కంపెనీకి ఏటా సుమారు 20 లక్షల డాలర్లు వచ్చేవి! ఆ హక్కు చెల్లదని 2015లో అమెరికా కోర్టు చెప్పింది, మరుసటి ఏడాది కోటీ 40 లక్షల డాలర్లు వెనక్కివ్వడానికి కంపెనీ ఒప్పుకుంది. ఇప్పుడు సినిమాలో పాడించినా అడిగేవాళ్ళు లేరు.

● ఉచితంగా ఇచ్చినా జనం వద్దన్న పాటలున్నాయి! 2014లో యాపిల్ యూటూ బృందం కొత్త ఆల్బమ్‌ను 50 కోట్ల ఐట్యూన్స్ ఖాతాల్లో అడక్కుండానే వేసేసింది. వారం తిరక్కముందే దాన్ని తీసేసుకునే మీట కూడా ఇవ్వాల్సి వచ్చింది.

● 2022 జనవరి 1న, ఒక్క రోజులో, అమెరికాలో సుమారు 4 లక్షల పాత రికార్డింగులు ప్రజల సొత్తయ్యాయి! 1923కు ముందు విడుదలైనవన్నీ అందులోకి వచ్చాయి.

● మరి సరికొత్త రికార్డింగు, పైసా ఖర్చు లేకుండా, కేసు భయం లేకుండా కావాలా? అదీ ఉంది! బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌ను పియానిస్ట్ కిమికో ఇషిజాకా వాయించారు, ఖర్చు శ్రోతలే చందాలేసుకుని భరించారు, 2012లో హక్కులన్నీ వదులుకుని లోకానికి ఇచ్చేశారు. డౌన్‌లోడ్ చేసుకోండి, స్నేహితులకు పంపండి, మీ షార్ట్ ఫిల్మ్‌లో వాడుకోండి. ఎవరినీ అడగక్కర్లేదు. ఇలా ఇచ్చిన పాటలు ఇంకా బోలెడున్నాయి. పాట పక్కన క్రియేటివ్ కామన్స్ గుర్తు ఉంటే దాని కింద ఏ షరతులు రాశారో ఒక్కసారి చదివి తీసుకోండి.