రక్తపోటు మాత్ర – కాళ్ళ వాపు

రక్తపోటునకు ఆమ్లోడిపిన్ మాత్ర వాడువారిలో కొందరికి సాయంకాలమునకు చీలమండలు వాచును. మూత్రపిండములు చెడినవేమోయని భయపడి కొందరు మాత్ర మానివేయుదురు. ఈ వాపునకు కారణమేమి?

ధమనుల గోడలలో కండరకణములు గలవు. వీనిలోనికి కాల్షియం అయానులు ప్రవేశించినప్పుడు అవి సంకోచించును, నాళము ఇరుకగును, పోటు హెచ్చును. ఆమ్లోడిపిన్ ఆ కాల్షియం ద్వారములను మూయును. కండరము సడలి, నాళము వెడల్పగును, పోటు తగ్గును.

అయితే ఈ మందు సూక్ష్మధమనులను సడలించినంతగా సిరలను సడలింపదు. పొలమునకు నీరు తెచ్చు తూమును పెద్దదిగా తెరచి, నీరు పోవు మురుగుకాలువను మునుపటివలెనే యుంచినచో మడిలో నీరు నిలుచును గదా! అట్లే కేశనాళికలలో పీడనము హెచ్చి, ద్రవము చుట్టునున్న కణజాలములోనికి ఊరును. నిలుచున్నప్పుడు భూమ్యాకర్షణవలన పాదములలో పీడనము మరింత అధికము. కనుక వాపు అచ్చటనే కనబడును.

దేహమున ఉప్పు, నీరు పేరుకొనుట దీనికి ముఖ్యకారణము కాదు. అందుచే మూత్రము హెచ్చించు మందులవలన అంతగా ప్రయోజనముండదు. 5 మిల్లీగ్రాములకంటె 10 మిల్లీగ్రాముల మోతాదులో ఈ వాపు ఎక్కువగా కనబడును. వైద్యుడు మోతాదు తగ్గించవచ్చును. లేదా సిరలనుకూడ సడలించు రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి మందును చేర్చవచ్చును.

గుండె, మూత్రపిండముల వ్యాధులవలనను కాళ్ళు వాచును. ఏది కారణమో వైద్యుడే పరీక్షించి తేల్చవలెను. రోగి తనంతట మాత్ర మానినచో వాపు తగ్గవచ్చును గాని, బాధ తెలియకుండగనే పోటు మరల హెచ్చి పక్షవాతమునకు దారితీయవచ్చును.