అమ్మినాయన చేతికి అలవాటైన బండి

సెకండ్ హ్యాండ్ బండి కొన్న ఇంట్లో మొదటి వారం ఏం జరుగుతుందో చూడండి. కొత్త సీటు కవరు పడుతుంది. ట్యాంకు మీద పాత యజమాని పిల్లల పేర్లు గీకేసి సొంత పిల్లల పేర్లు అంటిస్తారు. పాలిష్ కొట్టించి, గుడికి తీసుకెళ్లి, పూజ చేయించి నిమ్మకాయలు తొక్కిస్తారు. కాస్త ముందుచూపున్నవాళ్లు ఇంజిన్ ఆయిల్ మార్పించి, ఇంజిన్ చప్పుడు విని, బేరం బాగానే కుదిరిందని తృప్తి పడతారు. ఇందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. కాకపోతే ఆ వారం పెట్టిన ఖర్చులో బండిని ఆపడానికి పనికొచ్చింది ఎంత అని లెక్క వేస్తే చాలాసార్లు ఏమీ మిగలదు. పాత బండి కొన్నవాళ్లు మొదటి రూపాయి ఆగడం మీద పెట్టాలనీ, ఆ పని అమ్మినాయన మాటను బట్టో మెకానిక్ చెవిని బట్టో కాక కంపెనీ పుస్తకంలో ఉన్న కొలతను బట్టి జరగాలనీ నా వాదన.

అమ్మేవాళ్లంతా అబద్ధాలకోర్లని దీని అర్థం కాదు. ‘బండి మంచి కండిషన్‌లో ఉంది, పైసా ఖర్చు లేదు’ అనే మనిషి చాలాసార్లు నమ్మే అంటాడు. చిక్కు అక్కడే ఉంది. రోజూ నడిపే బండికి బ్రేకు ఒక్కరోజులో పోదు, నెలకింత చొప్పున తగ్గుతుంది. తగ్గేకొద్దీ ఆయన కాలు కాస్త ముందుగానే పెడల్ మీదికి పోతుంది. ముందు వెళ్లే ఆటోకు మరో గజం ఎడం ఇవ్వడం మొదలుపెడతాడు. హ్యాండిల్ ఒక పక్కకు లాగుతుంటే భుజం దానంతటదే సర్దుకుంటుంది. ఇవన్నీ తాను చేస్తున్నట్టు ఆయనకే తెలియదు కాబట్టి బండిలో లోపం ఉన్నట్టూ తెలియదు. డబ్బులిచ్చి మీరు తెచ్చుకునేది బండిని. ఆ సర్దుబాట్లు మాత్రం ఆయన చేతుల్లో, కాళ్లలో ఉండిపోతాయి. లోపాలు మీ వెంట వస్తాయి, వాటిని కాచుకునే అలవాటు రాదు.

సగం తగ్గిన బ్రేకు అంటే ఏమిటో చిన్న లెక్కతో చూద్దాం. గంటకు 40 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 11 మీటర్లు. ఎదురుగా అడ్డం వచ్చినదాన్ని చూసి బ్రేకు మీద కాలు వేసేలోపే పది మీటర్లకు పైగా పోతుంది. ఆ తర్వాత పొడి రోడ్డు మీద బాగా పట్టే బ్రేకుతో బండి ఆగడానికి ఇంకో పది మీటర్లు పడుతుందనుకుందాం. బ్రేకు బలం సగమైతే ఆ పది ఇరవై అవుతుంది. మంచి బ్రేకున్న బండి పూర్తిగా నిలిచిపోయిన చోట, సగం బ్రేకున్న బండి ఇంకా గంటకు 28 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతూ ఉంటుంది. ‘మేము ఊళ్లోనే తిరుగుతాం, నలభై దాటం’ అనేవాళ్లకు సమాధానం ఈ 28లో ఉంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో దాదాపు 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. వాళ్లందరి బ్రేకులూ చెడిపోయి ఉన్నాయని అనడం లేదు. ఆఖరి పది మీటర్లలో బండి మన మాట వినడం ఎంత ముఖ్యమో చెప్పడానికి ఆ అంకె చాలు.

మన ఊళ్లలో చేతులు మారేవాటిలో ఎక్కువ భాగం స్ప్లెండర్, షైన్, ప్లాటినా తరగతి బండ్లు. 125 సీసీ లోపు కొత్త బండ్లన్నిటికీ రెండు చక్రాలకూ కలిపి పట్టే కాంబీ బ్రేకు, ఆపైన వాటికి ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. అంతకు ముందు తయారైన చాలా బండ్లలో ఈ రెండూ ఉండవు, తరచూ రెండు వైపులా డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ము లోపల రెండు అర్ధచంద్రాకారపు షూలు, వాటిని విడదీసే చిన్న క్యామ్ ఉంటాయి. పెడల్ తొక్కితే బయటి లివర్ క్యామ్‌ను తిప్పుతుంది, క్యామ్ షూలను డ్రమ్ముకు ఒత్తుతుంది. షూ అరిగేకొద్దీ క్యామ్ మరింత తిరగాలి, పెడల్ కిందికి జారుతుంది. రాడ్డు చివర నట్టు నాలుగు చుట్లు బిగించగానే పెడల్ పైకొచ్చి బ్రేకు బాగైపోయినట్టే అనిపిస్తుంది. ఈ భ్రమ కంపెనీవాళ్లకూ తెలుసు. అందుకే చాలా బండ్లలో బ్రేకు ప్లేటు మీద ఒక గీత, లివర్ పక్కన ఒక బాణం పెట్టారు. బ్రేకు గట్టిగా పట్టినప్పుడు బాణం ఆ గీతకు చేరితే షూలు మార్చాల్సిందే. నట్టుకు బిగించడానికి మర మిగలని దశలో కొన్ని షెడ్లలో ఒక చిట్కా ఉంది. లివర్ ఊడదీసి, ఒక పల్లు జరిపి మళ్లీ బిగిస్తారు. బ్రేకు కొన్నాళ్లు పడుతుంది కూడా. కానీ అరిగిన షూల మధ్య క్యామ్ మరీ తిరిగిపోతే షూలు వెనక్కి రాక చక్రం పట్టేయవచ్చు. లివర్ మీదా క్యామ్ కొన మీదా ఉండే చుక్కలు ఎదురెదురుగా లేవంటే ఆ చిట్కా ఇదివరకే పడిందని గ్రహించండి.

కాబట్టి చక్రం విప్పించక తప్పదు. షూ మందం ఎంత ఉంది, దాని ముఖం అద్దంలా మెరుస్తోందా, హబ్బు సీలు కారి గ్రీజు అంటిందా అన్నది విప్పితేనే కనబడుతుంది. డ్రమ్ము కూడా అరుగుతుంది. 130 మిల్లీమీటర్ల డ్రమ్ముకు సాధారణంగా 131 దాకానే అనుమతి, చాలావాటి మీద ఆ గరిష్ఠ కొలత పోతలోనే రాసి ఉంటుంది. అంతకు మించి అరిగిన డ్రమ్ములో కొత్త షూలు వేసినా పట్టు రాదు. విప్పినప్పుడే క్యామ్ కడిగి పల్చగా గ్రీజు పెట్టించండి, ముందు బ్రేకు కేబుల్‌లో పోగులు తెగి ఉంటే మార్పించండి. షూల పొడిని నోటితోనో ఎయిర్ గన్‌తోనో ఊదడం మన షెడ్లలో మామూలు, ఆ పొడి పీల్చదగ్గది కాదు. తడిగుడ్డతో తుడవమనండి. డిస్క్ ఉన్న బండిలో ప్యాడ్లతో పాటు బ్రేకు ఆయిలూ చూడాలి. అది గాలిలోని తేమను పీల్చుకునే రకం. మూత మీద డాట్ 4 అని ఉంటే, కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వేడెక్కి మరిగితే లివర్ చేతికి మెత్తగా తగిలి డిస్క్ పట్టదు. రెండేళ్లకోసారి మార్చమని కంపెనీలు చెప్పేది అందుకే. ఎప్పుడు మార్చారో అమ్మినాయనకు గుర్తులేదంటే మార్చలేదనే లెక్క.

టైరు విషయంలో కళ్లు మోసం చేస్తాయి. వెనుక టైరు బరువు మోసి తొందరగా అరుగుతుంది, మారుతూ ఉంటుంది. ముందుది అంత త్వరగా అరగదు కనుక షోరూమ్ నుంచి వచ్చినదే తొమ్మిదేళ్ల తర్వాతా ఉండొచ్చు, గాళ్లు లోతుగా కనిపించొచ్చు. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు వెతకండి. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది, వాన పడ్డ తారు రోడ్డు మీద పట్టు వదులుతుంది. ఏబీఎస్ లేని బండిలో ముందు చక్రం ఒకసారి జారితే దాన్ని కాపాడే యంత్రం ఏదీ లేదు. గాడి ఎంతున్నా పదేళ్లు దాటినది తీసేయమనీ, అయిదేళ్ల నుంచి ఏటా పరీక్షించమనీ పేరున్న టైరు కంపెనీలే చెబుతాయి. టైరుతో పాటు ట్యూబునూ మార్చండి. పాత ట్యూబు మీద ఎన్ని అతుకులున్నాయో పంక్చర్ షాపాయన తప్ప ఎవరూ చెప్పలేరు.

చాలామంది వదిలేసే మరో చోటు, హ్యాండిల్ తిరగడానికి బేరింగుగా ఉండే కోన్ సెట్టు. డబుల్ స్టాండ్ వేసి వెనుక ఒకరు బరువు వేస్తే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. హ్యాండిల్‌ను వేలితో మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకు తోయండి. సరిగ్గా మధ్యకు రాగానే గాడిలో పడ్డట్టు తడితే, గోలీలు తిరిగే గిన్నెల్లో గుంటలు పడ్డాయన్నమాట. అలాంటి బండి తిన్నగా పోతున్నట్టే ఉండి సన్నటి తూగు తూగుతుంది. చైను సంగతీ చూడండి. చైను కవరుకున్న రబ్బరు మూత తీసి వేలితో పైకీ కిందికీ ఆడించి చూస్తే, ఈ తరగతి బండ్లకు రెండు మూడు సెంటీమీటర్ల ఆట ఉండాలి. ఒకచోట బిగుతుగా మరోచోట వదులుగా ఉంటే చైను సాగింది, చైనూ రెండు స్ప్రాకెట్లూ కలిపే మార్చాలి.

‘ఇంజిన్ గుండెకాయ కదా, దాన్ని పక్కన పెడతారేం?’ అని అడగొచ్చు. ఇంజిన్ చెడితే చెప్పి చెడుతుంది. నీలం పొగ వస్తుంది, చప్పుడు మారుతుంది, పికప్ తగ్గుతుంది. బ్రేకూ టైరూ అక్కర పడిన క్షణం దాకా నోరు మెదపవు. ఇంజిన్ మోరాయిస్తే డబ్బు పోతుంది, అవి మోరాయిస్తే మనిషి పోతాడు. ఇంజిన్‌కు మొదటి రోజు చేయాల్సింది కొంచెమే: పాత ఆయిల్ తీసేసి పుస్తకంలో చెప్పిన గ్రేడు పోయడం, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు చూడటం, గట్టిపడిన పెట్రోలు పైపు మార్చడం. ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ అన్న గుర్తు ఉండాలి. ఈ బండ్లలో క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి, కారు ఆయిల్ పోస్తే జారే అవకాశం ఉంది. మీటరు రీడింగును పట్టించుకోకండి. ఫుట్‌రెస్ట్ రబ్బరూ బ్రేకు పెడల్ అరుగుదలా అంతకంటే నిజం చెబుతాయి.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఒకటుంది: ‘జనరల్ సర్వీస్ చేయిస్తే ఇవన్నీ వాళ్లే చూస్తారుగా?’ చాలా చోట్ల జనరల్ సర్వీస్ అంటే ఆయిల్ మార్పు, వాటర్ వాష్, బ్రేకూ క్లచ్చూ బిగింపు, చైను లూబ్. అరిగిన షూల మీద నట్టు బిగించడం లోపాన్ని దాచే పనే కాబట్టి, ఈ సర్వీస్ తర్వాత బండి ఇంకా నమ్మించేలా తయారవుతుంది. మెకానిక్ తప్పని కాదు, మనం అడిగింది అంతే. చక్రాలు విప్పమని, కొలత చూపమని విడిగా అడగాలి, ఆ గంట కూలీ విడిగా ఇవ్వాలి. ఖర్చు మాటకొస్తే, అన్నీ మార్చేయమని నేను చెప్పడం లేదు. షూ కొలతలో ఉంటే తుడిచి మళ్లీ పెట్టేయండి. చూడకుండా అన్నీ కొత్తవి వేయించేవాళ్లు నకిలీ సామాను కొని ఉన్న మంచిదాన్ని పారేసుకోవడమూ ఉంది. అసలు ఇవి బేరానికి ముందు చూస్తే ఖర్చు అమ్మేవాడి ధరలోంచే తగ్గుతుంది. టైరు మీద నాలుగు అంకెలు చూపించి అడిగితే కాదనే మనిషి అరుదు.

ఇదే తర్కం కాగితాలకూ వర్తిస్తుంది, ఎందుకంటే అక్కడా మనకు తెలియని గతమే ఉంది. ఆర్సీలోని చాసిస్, ఇంజిన్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో అంకె అంకె సరిచూడండి. ఫైనాన్స్ ఉంటే ఫారం 35, ఫైనాన్స్ సంస్థ నుంచి ఎన్‌ఓసీ అడగండి. పెండింగ్ చలాన్లు ఆన్‌లైన్‌లో కనబడతాయి. పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని బీరువాలో దాచేవాళ్లు ఎక్కువ. ఆ దరఖాస్తుకు చట్టం కొన్నవాడికి ఇచ్చిన గడువు 30 రోజులు. హైదరాబాద్‌లో కొని గుంటూరుకు తెచ్చుకుంటే ఫారం 28 కింద అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీ కూడా కావాలి. ఆర్సీలో పేరున్నవాడే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కాబట్టి, పేరు మారకపోతే మీరు చేసిన ప్రమాదానికి పరిహారం భారం అమ్మినాయన మీద పడుతుంది. ఆయనకే తొందర ఉండాల్సిన పని ఇది.

మీ వైపు నష్టం బీమాలో ఉంది. బండి చేతులు మారగానే థర్డ్ పార్టీ బీమా దానంతటదే మీకు వర్తిస్తుంది, సొంత డ్యామేజీ బీమా వర్తించదు. పాలసీ పేరు మార్చమని 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేయాలి. యజమాని నడుపుతూ చనిపోతే కుటుంబానికి వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా, పాలసీలోనూ ఆర్సీలోనూ పేరున్న యజమానికే. పాత పేరు మీద నడుస్తున్నన్నాళ్లూ ఆ 15 లక్షలు మీ ఇంటికి రావు.