పదవి ముగిసినా పని ముగియదు

పదవీ విరమణ అనగానే మన ఇళ్లలో పడక కుర్చీయే గుర్తుకు వస్తుంది. హైదరాబాద్‌కు చెందిన దౌత్యవేత్త సయ్యద్ అక్బరుద్దీన్ జీవితంలో మాకు మరో మార్గం కనిపించింది.

1985లో ఆయన విదేశాంగ సర్వీసులో ప్రవేశించారు. అరబీ భాషను అభ్యసించారు. 2000 నుండి 2004 వరకు జిద్దాలో భారత కాన్సుల్ జనరల్‌గా పనిచేశారు. మన హాజీల యోగక్షేమాలు చూసే కార్యాలయం అదే. 2016లో ఐక్యరాజ్యసమితిలో భారత శాశ్వత ప్రతినిధి అయ్యారు.

2017లో అంతర్జాతీయ న్యాయస్థానం ఎన్నికలు జరిగాయి. గెలవాలంటే సాధారణ సభలోనూ, భద్రతా మండలిలోనూ ఆధిక్యం తప్పనిసరి. సభ భారత అభ్యర్థి దల్వీర్ భండారీ పక్షాన, మండలి బ్రిటన్ అభ్యర్థి పక్షాన నిలిచాయి. అక్బరుద్దీన్ బృందం సభలోని మద్దతును చెదరనివ్వలేదు. చివరకు బ్రిటన్ తప్పుకుంది. 1946 తర్వాత ఆ న్యాయస్థానంలో బ్రిటన్ న్యాయమూర్తి లేకపోవడం అదే ప్రథమం.

2020లో పదవీ విరమణ చేసిన ఆయన హైదరాబాద్‌లో కౌటిల్య స్కూల్ ఆఫ్ పబ్లిక్ పాలసీకి డీన్ అయ్యారు. ఆ ఎన్నిక కథను గ్రంథస్థం చేశారు. తండ్రి ప్రొఫెసర్ బషీరుద్దీన్ ఉస్మానియాలో జర్నలిజం బోధించి, తర్వాత ఖతర్‌లో రాయబారి అయ్యారు. తండ్రి బోధన నుండి దౌత్యానికి వెళ్లగా, తనయుడు దౌత్యం నుండి బోధనకు వచ్చారు.

పదవి ఒక అమానతు. గడువు తీరగానే అప్పగిస్తాం. అనుభవమూ అమానతే. దానిని తర్వాతి తరానికి అప్పగించనిదే బాధ్యత తీరదు. మన ఇంటి పెద్దల చెంత పిల్లలను రోజూ కాసేపు కూర్చోబెడదాం.