తాండూరు మట్టిలో ఎర్ర డేలిలీ

డేలిలీ పువ్వు పొద్దున్నే విచ్చుకుంటుంది, చీకటి పడేసరికి ముడుచుకుపోతుంది. మర్నాడు పక్క మొగ్గ వంతు. ఒక్కో కాడకు మొగ్గలు గుత్తిగా వస్తాయి కాబట్టి కుదురు బలంగా ఉంటే కొన్ని వారాలపాటు పూలకు కొదవ ఉండదు. పసుపు, నారింజ రకాలు ఎండను బాగానే ఓర్చుకుంటాయి. ఎరుపుతోనే చిక్కంతా. నాకు ఇష్టమైనదీ అదే.

మా పుట్టిల్లు వికారాబాద్, మెట్టినిల్లు తాండూరు. దూరం కొంచెమే గానీ మట్టి పూర్తిగా వేరు. అనంతగిరి గుట్టల పక్కన ఎర్రమట్టి. నీరు నిలవదు, ఇనుము పుష్కలం. అమ్మ పెరట్లోని కుదురు పెంట ఎరువు తప్ప ఏమీ అడగదు. తాండూరుది నాపరాళ్లు తీసే సున్నపురాతి నేల, పైన నల్లరేగడి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందికి ఈ నేల పెట్టింది పేరు. డేలిలీకి మాత్రం ఇక్కడ సాయం కావాలి. సున్నం ఎక్కువున్న మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. లేత ఆకు పసుపెక్కి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. నీళ్లు చాలలేదనుకొని ఇంకా పోస్తే వేరు కుళ్లుతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, ఎండ చల్లబడ్డాక ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. కొత్త ఆకు పచ్చగా వచ్చేదాకా వారం పది రోజులకోసారి కొట్టాలి. అన్నభేదిని మట్టిలో వేస్తే సున్నం దాన్ని పట్టేసుకుంటుంది, మొక్కకు దక్కేది తక్కువ.

మా ఊళ్లో మడికి గట్టుగా బండముక్కలు నిలబెట్టడం అలవాటు. గట్టు మంచిదే, మడి ఎత్తుగా ఉంటే వానాకాలం నీరు జారిపోతుంది. లోపల నింపడానికి మాత్రం బండల పాలిషింగ్ యూనిట్ల బురద వాడకండి, అదంతా సున్నమే. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పెంట ఎరువు కలిపి నింపండి.

ఇక ఎండ. ఎర్ర రేకులో అడుగున పసుపు రంగు, పైన ఆంథోసయనిన్ అనే ఎరుపు ఉంటాయి. ముదురు రంగు వేడిని ఎక్కువ పీల్చుకుంటుంది. బండలు పరిచిన వాకిట్లో మధ్యాహ్నం రెండింటికి రేకులు కమిలిపోతాయి. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే తూర్పు వైపే దీనికి సరైన చోటు.

ఈ ఎరుపు తేలిగ్గా దొరికింది కాదు. చైనా, జపాన్, కొరియా ప్రాంతాల అడవి డేలిలీలు ఎక్కువగా పసుపు, నారింజే. న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో ఏ.బి. స్టౌట్ అనే శాస్త్రవేత్త చైనా నుంచి వచ్చిన మొక్కలతో ఏళ్ల తరబడి సంకరాలు చేసి, 1934లో ‘థెరాన్’ అనే ముదురెరుపు రకాన్ని లోకానికిచ్చాడు. ఆ ఓపిక తలచుకుంటే ఆకుకు ఇంత మందు కొట్టడం నాకు పనే అనిపించదు.

నర్సరీలో ఎర్ర లిల్లీ అని అడిగితే చాలాసార్లు ఉల్లిగడ్డలాంటి దుంప చేతిలో పెడతారు. అది ఎండాకాలంలో బోలు కాడపై పెద్ద పూలు పూసే హిప్పియాస్ట్రమ్. డేలిలీకి గడ్డ ఉండదు, లావుపాటి వేర్ల గుత్తి ఉంటుంది. అసలది కలబంద కుటుంబపు మొక్క. కొనేముందు కుండీ వంచి వేర్లు చూపించమనండి. ఏడాదంతా ఆకు నిలిచే రకమే అడగండి. చలికి ఆకు రాల్చి నిద్రపోయే రకాలు మన వేడిలో నీరసిస్తాయి.

తొలకరి తర్వాత గానీ, దసరా దాటాక గానీ నాటుకోవచ్చు. కుదురు మొదలు అంగుళం లోతుకు మించకూడదు. మూడు నాలుగేళ్లకోసారి తవ్వి పిలకలు విడదీస్తే పూత తగ్గదు. ఇంట్లో పిల్లిని పెంచుకుంటే మాత్రం ఈ మొక్క పెట్టకండి. దీని ఆకు కొరికినా, పువ్వు కొరికినా పిల్లి మూత్రపిండాలు దెబ్బతింటాయి.