పెట్టె మార్చొద్దు... డిస్కు మార్చండి!

జూన్ వచ్చిందంటే ఖమ్మం జిల్లా వేంసూరులాంటి మండల కేంద్రాల్లో ఆన్‌లైన్ సెంటర్లకు ఊపిరి సలపదు. కులం, ఆదాయం, నివాసం సర్టిఫికెట్లు, కాలేజీ అప్లికేషన్లు, స్కాలర్‌షిప్పులు. ఆధార్ జిరాక్సు పట్టుకుని పిల్లలు, వాళ్ల వెనక పనులు మానుకుని వచ్చిన నాన్నలు. బల్ల మీద ఆల్ ఇన్ వన్ కంప్యూటర్. తెర మీద గుండ్రంగా తిరుగుతూనే ఉన్న చుక్కలు. ‘ఏమైందన్నా?’ అంటే ఒకటే జవాబు: ‘సర్వర్ బిజీ.’

సర్వర్ మీదికి నెట్టేయడం తేలిక. అదెక్కడో దూరాన ఉంటుంది, వచ్చి ఎదురు చెప్పదు. నిజంగానే సర్వర్ మొరాయించే రోజులూ ఉంటాయి, కాదనలేం. కానీ ఏ పోర్టలూ తెరవకముందే, పొద్దున స్విచ్ వేసి టీ తాగొచ్చినా సిస్టమ్ లేవకపోతే తప్పు సర్వర్‌ది కాదు. టాస్క్ మేనేజర్ తెరిచి ‘డిస్క్’ అన్న గడి చూడండి. మీరేమీ చేయకుండానే అది నూరు శాతం దగ్గర ఎర్రబడి, పక్కన ప్రాసెసర్ పది పదిహేను శాతంతో ఖాళీగా ఉంటే సంగతి తేలిపోయినట్టే. తెర వెనక తిరుగుతున్న హార్డ్ డిస్కే అడ్డం పడుతోంది.

అన్నీ ఒకే పెట్టెలో ఇమిడిన కంప్యూటర్‌ను జనం ముచ్చటపడేలా చేసింది 1998 ఆగస్టులో వచ్చిన యాపిల్ ఐమాక్. తర్వాత హెచ్‌పీ, లెనోవో, డెల్, ఏసర్ అందరూ అదే బాట పట్టారు. సీపీయూ డబ్బా లేదు, కాళ్లకు తగిలే వైర్ల చిక్కు లేదు, ఇరుకు షాపులో చిన్న బల్ల చాలు. మన ఊళ్లకు బాగా నప్పిన సరుకు. అయితే తెర వెనక అంత సన్నటి చోటులో పట్టాలని చాలా మోడళ్లలో పెట్టింది ల్యాప్‌టాప్ సామానే. రెండున్నర అంగుళాల హార్డ్ డిస్కు, వేగం తరచుగా నిమిషానికి 5400 చుట్లు. అట్టపెట్టె మీద మాత్రం ‘1 టీబీ’ అని పెద్దక్షరాలు. ఎంత పడుతుందని అడిగాం గానీ ఎంత వేగంగా ఇస్తుందని మనలో ఎవరం అడగలేదు.

నిమిషానికి 5400 అంటే సెకనుకు 90 చుట్లు. వినడానికి ఘనంగానే ఉంది. లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన డేటా ముక్క, చదివే సూది కిందికి రావడానికి సగటున అందులో సగం ఆగాలి. అంతకుముందు ఆ సూది సరైన వలయం దాకా జరగడానికి మరో పది పన్నెండు మిల్లీసెకన్లు. వెరసి చెల్లాచెదురుగా ఉన్న ముక్కల్ని సెకనుకు అరవై డెబ్బైకి మించి అందించలేదు. విండోస్ లేవాలంటే అలాంటి ముక్కలు వేలకొద్దీ కావాలి. పైగా యాంటీవైరస్, అప్‌డేట్లు, బ్రౌజర్ అన్నీ ఒకేసారి చేయి చాస్తాయి. తహసీల్దార్ ఆఫీసు రికార్డు గదిలో ఒక్క అటెండరు, కిటికీ బయట వంద మంది. పరిస్థితి సరిగ్గా అదే.

ఈ తిరిగే పళ్లేల పద్ధతి 1956 నాటిది. ఐబీఎం తెచ్చిన మొదటి డిస్కు యంత్రంలో 50 పళ్లేలుండేవి. బరువు దాదాపు టన్ను. పట్టేది 50 లక్షల అక్షరాలు. పెట్టె చిన్నదైంది, పట్టేది లక్షల రెట్లు పెరిగింది, తిరగడం మాత్రం పోలేదు. ఇలాంటి డిస్కు తీసేసి దాని చోట పెట్టుకోవలసిన ఎస్ఎస్‌డీ (సాలిడ్ స్టేట్ డ్రైవ్)లో తిరిగేదేమీ లేదు. 1980లలో తోషిబాలో ఫుజియో మసువోకా రూపొందించిన ఫ్లాష్ మెమరీయే దానికి ఆధారం. ఏ మూలనున్న ముక్కైనా మిల్లీసెకనులో పదో వంతులో అందుతుంది. అందుకే కొనేటప్పుడు పెట్టె మీది ‘సెకనుకు 550 ఎంబీ’ అంకె చూసి మురవక్కర్లేదు. పదేళ్లు దాటిన సిస్టమ్‌లో పాత రకం సాటా పోర్టు ఉంటే అందులో సగమే వస్తుంది. రానివ్వండి. మనకు కావలసింది వరద కాదు, అడిగిన ముక్క వెంటనే చేతికి రావడం. పేరున్న కంపెనీది, మామూలు రకం, 500 జీబీ. ఇంతకు మించి పాత సిస్టమ్‌కు ఖర్చు పెట్టడం దండగ. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి ఫ్లాష్ మెమరీ ధరలు పైకెక్కాయి. అయినా కొత్త ఆల్ ఇన్ వన్ ధరతో పోలిస్తే ఇది చిన్న ఖర్చే.

విప్పడంలోనే ఉంది

డబ్బా కంప్యూటర్ అయితే రెండు స్క్రూలు తీస్తే పని అయిపోతుంది. ఆల్ ఇన్ వన్ అలా లొంగదు. విండోస్ రకాల్లో ఎక్కువ వాటికి వెనక మూత ప్లాస్టిక్ కొక్కేలతో బిగిసి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే అంచు విరుగుతుంది. పాత ఏటీఎం కార్డులాంటి పలచటి ప్లాస్టిక్ ముక్కను దూర్చి చుట్టూ నడిపించాలి. కరెంటు అడాప్టర్ బయట ఉండే మోడళ్లలో వైరు పీకేస్తే లోపల పెద్ద ప్రమాదం లేదు. పవర్ సప్లై లోపలే ఉండే ఐమాక్‌ల సంగతి వేరు. వైరు తీసినా దాని కెపాసిటర్లలో కొంతసేపు కరెంటు నిలిచే ఉంటుంది. 2009 నుంచి 2011 దాకా వచ్చిన ఐమాక్‌లలో అద్దాన్ని అయస్కాంతాలు పట్టి ఉంచుతాయి. 2012 చివర వచ్చిన సన్న మోడళ్ల నుంచి తెరను జిగురు పట్టీలతో అంటించేశారు. వాటిని కోసి తీయాలి, మళ్లీ కొత్త పట్టీలు వేయాలి. 2011 మోడల్లో ఇంకో తిరకాసు. డిస్కు వేడి ఎంతో డిస్కే చెప్పాలి. వేరే డిస్కు పెడితే ఆ కబురు అందక ఫ్యాన్ హోరెత్తిపోతుంది. అలాంటివి సొంతంగా విప్పొద్దనే నా మాట. సత్తుపల్లిలో కుదరకపోతే ఖమ్మమో విజయవాడో తీసుకెళ్లండి. అక్కడైనా ‘ఈ మోడల్ ఇదివరకు విప్పావా తమ్ముడూ?’ అని అడిగాకే చేతికివ్వండి.

‘ఫార్మాట్ కొడదామా?’

మెకానిక్ నోట మొదట వచ్చే మాట ఇదే. ఇంట్లో పాటలు వినే సిస్టమ్‌కైతే సరే. డీటీపీ చేసే షాపులో ఆ మాటకు వెంటనే తలూపితే కొంప మునుగుతుంది. తెలుగునాట శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు నేటికీ పేజ్‌మేకర్‌లోనో కోరల్‌డ్రాలోనో, అను ఫాంట్లతోనే తయారవుతుండటం మామూలే. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత ఆ వరసలో మరో పెద్ద వెర్షన్ రాలేదు. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మల్ని కూర్చిన పద్ధతి. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే పెళ్లికూతురి పేరు కూడా అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలై కనిపిస్తుంది. పాత సీడీ ఎక్కడుందో తెలియదు, లైసెన్స్ ఎవరి పేరున కొన్నారో గుర్తులేదు, తెలుగు టైపింగ్‌కు వాడే ‘యాపిల్’ అనే కీబోర్డు లేఅవుట్‌కు వేళ్లు అలవాటుపడిపోయాయి. ఇంత సరంజామాను ఫార్మాట్ తర్వాత మళ్లీ నిలబెట్టడం కన్నా డిస్కును ఉన్నదున్నట్టుగా దింపుకోవడమే తెలివి. దాన్నే క్లోనింగ్ అంటారు. యూఎస్‌బీ కేబుల్‌తో ఎస్ఎస్‌డీ తగిలించి, ఉచితంగా దొరికే క్లోన్‌జిల్లాలాంటి సాఫ్ట్‌వేర్‌తో నకలు తీయొచ్చు.

ఇక్కడ రెండు మెలికలు. పాత డిస్కు 1 టీబీ, కొత్తది 500 జీబీ అయితే లోపల సరుకు వంద జీబీయే ఉన్నా క్లోన్‌జిల్లా నేరుగా ఒప్పుకోదు. ముందు పార్టిషన్‌ను కుదించాలి. రెండోది, ఎక్స్‌పీ నాటి సిస్టమ్. ఆ కాలపు పార్టిషన్లు ఎస్ఎస్‌డీ లోపలి అరలతో సరిపడవు. పైగా చెరిపేసిన చోటును డిస్కుకు తెలియజేసే ‘ట్రిమ్’ సదుపాయం ఎక్స్‌పీకి లేదు, విండోస్ 7 నుంచే ఉంది. ఇక ఏ సిస్టమ్‌లోనైనా పాత డిస్కులోంచి టిక్కుటిక్కుమని శబ్దం వస్తుంటే క్లోనింగ్ మాట పక్కన పెట్టి, పోతే మళ్లీ దొరకని ఫైళ్లను ముందు కాపీ చేసుకోండి.

భద్రాచలం అడవి అంచు దాకా సాగే మన ప్రాంతంలో ఎండ సంగతి చెప్పేదేముంది. మేలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. తెర, ప్రాసెసర్, డిస్కు అన్నీ ఒకే పలచటి పెట్టెలో ఉడుకుతుంటాయి. ఇక ల్యాప్‌టాప్‌లోలా బ్యాటరీ ఉండదు కాబట్టి కరెంటు పోతే పోయినట్టే. ఎస్ఎస్‌డీకి కుదుపులంటే భయం లేదు, వేడీ తక్కువే పుట్టిస్తుంది. కానీ రాస్తుండగా కరెంటు పోతే దానికీ ముప్పే. యూపీఎస్ మానొద్దు. మూత విప్పారు కదా, ఫ్యాన్‌కు పట్టిన దుమ్మూ దులిపించండి. ర్యామ్ 4 జీబీయే ఉంటే 8 చేయించండి. మళ్లీ విప్పే పని తప్పుతుంది.

డిస్కు మార్చినా మారనిది ఒకటుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరో ఆపైదో ఉండాలి. అంతకన్నా పాతదైతే ఇంటర్నెట్ పనులకు లైనక్స్ ఎక్కించుకోవచ్చు, లేదా నెట్ తీసేసి డీటీపీకే ఉంచుకోవచ్చు. జనం డబ్బు, వేలిముద్రలు, కాగితాలు చేతులు మారే ఆన్‌లైన్ సెంటర్లో మాత్రం మద్దతు పోయిన విండోస్ ఉన్న సిస్టమ్‌ను నెట్‌కు తగిలించి నడపడం తప్పు. ఎంత పరుగెత్తినా సరే.

మిగిలింది పాత డిస్కు. జిరాక్స్ షాపు డిస్కులో సగం మండలం ఆధార్ కార్డులు, పాస్‌బుక్కులు స్కాన్లై పడి ఉంటాయి. దాన్ని అలాగే పాత సామాన్లవాడికి వేయకండి. డిలీట్ కొడితే పోవు, డిస్కు మొత్తం తిరగరాసే సాఫ్ట్‌వేర్‌తో తుడవాలి. బాగుంటే మాత్రం యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి బ్యాకప్‌గా వాడుకోవడం మేలు. బీరువాలో దాచే పనికి ఎస్ఎస్‌డీ కన్నా అదే నయం. రాత పరిమితి దాకా వాడేసిన ఎస్ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఏడాది పాటు డేటా నిలిపితే చాలన్నది పరిశ్రమ ప్రమాణం. మన బీరువాలో ఎండాకాలం 30 డిగ్రీలుండదు.