గెల, ధర: మారని జత

రావులపాలెం అరటి మార్కెట్ తెలియని కోనసీమ వాళ్లుండరు. రైతు గెలలు దించుతాడు, వ్యాపారి ధర చెబుతాడు, బేరం కుదురుతుంది. చీటీలో రెండే విషయాలు: కర్పూరం గెల, దాని ధర. ధర ఒక్కటే చెబితే ఏ గెలదో తెలీదు. ఇలా కలిసి ఉండాల్సిన రెండు విలువల్నే ప్రోగ్రామింగ్‌లో పెయిర్ అంటాం, అంటే జత.

ఇక్కడ ఎడమ వైపు స్ట్రింగ్, కుడి వైపు ఇంటీజర్. రేపు వేరే టైపులు కావాలంటే మళ్లీ క్లాస్ రాయాలా? అక్కర్లేదు. టైపుల చోట ఏ, బీ అని రాసి వదిలేస్తాం, వాడేటప్పుడు నింపుకుంటాం. ఇవే జెనరిక్స్, జావాలోకి 2004లో వచ్చాయి. ధర ఉండాల్సిన చోట పేరు పెడితే కంపైలరే ఆపేస్తుంది.

మరి ఇమ్యూటబుల్ ఎందుకు? బేరం కుదిరాక చీటీలో అంకె దిద్దితే గొడవే కదా! ధర మారితే కొత్త చీటీ రాయాలి. జతకీ అంతే: ఫీల్డులు ఫైనల్, సెట్టర్లు ఉండవు. మారే జతని హ్యాష్‌మ్యాప్‌లో కీగా పెట్టి, తర్వాత లోపలి విలువ మార్చారనుకోండి. హ్యాష్‌కోడ్ మారిపోతుంది, మ్యాప్ వేరే బకెట్‌లో వెతుకుతుంది. డేటా లోపలే ఉన్నా మీకు దొరకదు.

జావా 16 (2021) నుంచి రికార్డ్‌గా ఒక్క లైన్ రాస్తే చాలు. కన్‌స్ట్రక్టర్, ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ అన్నీ అదే ఇస్తుంది.

ఒక్క జాగ్రత్త. జతలో అరేలిస్ట్ పెడితే జత మారదు గానీ, లిస్ట్‌లోకి కొత్తవి చేర్చొచ్చు, ఉన్నవి తీసేయొచ్చు. అందుకే లిస్ట్.కాపీఆఫ్‌తో మారని కాపీ తీసి పెట్టండి.