ఊద: కలుపు మొక్క, చిరుధాన్యం

ఉద్దేశాలు
ఈ భాగం చదివిన తరువాత మీరు:
- వరి నారులో ఊదను గుర్తించగలుగుతారు.
- అది కలుపుగా నిలదొక్కుకోవడానికి కారణాలు వివరించగలుగుతారు.
- ఊద ప్రజాతి ఉపయోగాలు తెలుపగలుగుతారు.

1. పరిచయం
ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ప్రాంతంలో చెరువుల కింద, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే రైతుకు ఊద పాత శత్రువు. అదే ప్రజాతికి చెందిన మరో జాతి గింజలను దుకాణాల్లో 'ఊదలు' పేరుతో చిరుధాన్యంగా అమ్ముతారు. ఒకే ప్రజాతి ఒకచోట కలుపు, మరోచోట పంట ఎలా అయిందో పరిశీలిద్దాం.

2. లక్షణాలు
ఊద పోయేసి కుటుంబానికి, ఎకినోక్లోవా ప్రజాతికి చెందిన ఏకవార్షిక గడ్డి. వరి పొలాల్లో ముఖ్యంగా రెండు జాతులు కనిపిస్తాయి. ఎకినోక్లోవా కొలోనా పొట్టిది. దీని చిరుకంకులకు మీసాలుండవు. ఎకినోక్లోవా క్రస్‌గల్లై మీటరుకు మించి పెరగగలదు. దీనికి తరచు మీసాలుంటాయి.

లేత దశలో ఊదను వరి నుంచి వేరుచేయడం కష్టం. ఆకు, దాని తొడుగు కలిసే చోటును చూడండి. వరిలో అక్కడ లిగ్యూల్ అనే పలుచని పొర, ఆరికిల్స్ అనే చిన్న చెవుల వంటి భాగాలు ఉంటాయి. ఊదలో ఈ రెండూ ఉండవు.

3. కలుపుగా ఊద
వరి సి3 మొక్క, ఊద సి4 మొక్క. అందువల్ల ఎండ, వేడి ఎక్కువైనప్పుడు ఊద వేగంగా పెరిగి వెలుతురు, పోషకాల కోసం వరితో పోటీపడుతుంది. దాని గింజలు వరి కోతకు ముందే రాలి నేలలో నిల్వ ఉంటాయి.

మనిషి చేతి పనే దీనికి మరో బలాన్నిచ్చింది. కలుపు తీసేవారు వరికి భిన్నంగా కనిపించిన మొక్కలను పీకేశారు. వరిని పోలినవి మిగిలి విత్తనం వేశాయి. తరతరాలుగా ఇలా జరిగి, కొన్ని ఊద రకాలు వరి రూపాన్ని పొందాయి. రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ పేరు మీద దీన్ని 'వావిలోవియన్ అనుకరణ' అంటారు. చైనాలోని ఊదపై 2019లో వెలువడిన జన్యు అధ్యయనం ఈ మార్పు సుమారు 1000 ఏళ్ల క్రితం మొదలైందని అంచనా వేసింది.

కనుక ఊదను గింజ కట్టకముందే తీసివేయాలి. నాట్లకు ముందు మొలిచిన కలుపును దమ్ములో కలియదున్నడం, నాటాక పొలంలో పలుచగా నీరు నిలపడం మేలు. నేరుగా వెదజల్లిన వరిలో ఈ బెడద ఎక్కువ.

4. ఉపయోగాలు
మనం తినే ఊదలు ఎకినోక్లోవా ఫ్రుమెంటేషియా గింజలు. ఇది ఎకినోక్లోవా కొలోనా నుంచే పంటగా మారింది. వర్షాధార భూముల్లో సుమారు మూడు నెలల్లో కోతకు వస్తుంది. గింజలో పీచు ఎక్కువ, గ్లూటెన్ ఉండదు. అన్నం, ఉప్మా, జావ వండుకోవచ్చు. ఉత్తరాఖండ్‌లో దీన్ని 'ఝంగోరా' అంటారు. కలుపు ఊద కూడా పశువులకు పచ్చిమేతగా పనికివస్తుంది.

5. సారాంశం
త్వరగా పెరగడం కలుపు ఊదకూ, పంట ఊదకూ ఉమ్మడి గుణం. ముఖ్యమైన తేడా గింజ దగ్గర ఉంది: కలుపులో అది పండగానే రాలిపోతుంది, పంటలో కోత వరకు కంకిని అంటిపెట్టుకుని ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. వరి, ఊద మొక్కలను లేత దశలో ఎలా గుర్తిస్తారు?
2. వావిలోవియన్ అనుకరణ అంటే ఏమిటి?
3. మీ ఊరి పొలంలో ఊద గింజ కట్టకముందే తీయకపోతే వచ్చే పంటపై ప్రభావం ఏమిటి?